ఆ నీళ్లు ఎక్కడివి? మన కోనల జలపాతాలూ, మంచుకొండల జలపాతాలూ

వానాకాలం మొదలైతే చాలు, మా కడపలో ఎవరి ఫోన్ తెరిచినా జలపాతమే. పాలకొండల మీంచి దూకే ధార ఒకరు పంపిస్తే, కదిరి దగ్గరి బట్రేపల్లి వీడియో ఇంకొకరు పంపిస్తారు. అహోబిలంలో జ్వాలా నరసింహుడి గుడి ముందు పడే నీటితెర మరొకరిది. ఈ మధ్య వాటి పక్కనే బద్రీనాథ్ పైన వసుధార, మనాలి దగ్గర జోగిని కూడా చేరాయి. చార్‌ధామ్ యాత్రకో, పిల్లల సెలవులకో పోయొచ్చినవాళ్లు తెచ్చినవి అవి.

చూసినవాళ్లకు రెండు రకాల చిక్కులు వస్తున్నాయి. వీడియో చూసి ఫిబ్రవరిలో బట్రేపల్లికి పోయినవాళ్లకు బండల మీద పాచి మరక తప్ప నీళ్లు కనపడవు. ఏటా అహోబిలం కొండలెక్కే ధైర్యంతో బద్రీనాథ్ దగ్గరి మానా ఊరి నుంచి వసుధారకు బయల్దేరినవాళ్లు రెండో కిలోమీటరుకే తలపట్టుకుని కూర్చుంటారు. "అదీ కొండే, ఇదీ కొండే కదా?" అని అడుగుతారు. నిజమే, రెండూ కొండలే. అయితే ధారకు పైన ఏముందన్నది రెండు చోట్లా వేరు. ఎప్పుడు పోతే నీళ్లుంటాయి, ప్రమాదం ఎటు నుంచి వస్తుంది, నడక ఎంతసేపు పడుతుంది అనేవన్నీ దాన్ని బట్టే తేలతాయి.

కోన, వంక, బుగ్గ... అసలు ఆల్పైన్ అంటే?

నీళ్లు తక్కువైన సీమలో నీళ్లకు పేర్లు మాత్రం తక్కువ లేవు. రెండు కొండల నడుమ చెట్లతో నీడపట్టుగా ఉండే ఇరుకు లోయ కోన. తలకోన, నిత్యపూజకోన, తాడిపత్రి పక్క ఆలూరు కోన, అన్నీ అలాంటివే. వాన పడితే పారి, వెలిస్తే ఎండేది వంక. నేలలోంచి ఊరుతూ ఉండేది బుగ్గ. ధార పడిపడి బండలో తొలిచిన లోతు మడుగు గుండం. ఒక చోటును కోన అన్నారా, వంక అన్నారా, బుగ్గ అన్నారా అన్నది చూస్తే అక్కడ ఏ నెలలో నీళ్లుంటాయో సగం తెలిసిపోతుంది. మహానంది కోనేటిలో మండు వేసవిలోనూ నీళ్లు తేటగా ఉంటాయంటే అది బుగ్గ కాబట్టే. నల్లమల మీద కురిసిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి, నెలల తరబడి నెమ్మదిగా కిందికి వస్తుంది.

ఇక ఆల్పైన్ అనే మాట. యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల పేరు నుంచి వచ్చింది. చలి వల్ల చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తును వృక్షరేఖ అంటారు. దానికి పైన గడ్డీ, పొదలూ, రాళ్లూ, మంచూ మాత్రమే ఉండే మండలం ఆల్పైన్. హిమాలయాల్లో ఈ రేఖ సుమారు 3,500 మీటర్ల దగ్గర, చోటును బట్టి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. నల్లమలలో ఎత్తైన శిఖరాల్లో ఒకటైన భైరానికొండ ఎత్తే వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. కాబట్టి మన దగ్గర ఏ కోనలోనూ ఆల్పైన్ జలపాతం లేదు. "ఆంధ్రా మనాలి" అని వీడియోకు పేరు పెట్టుకుంటే తప్పులేదు కానీ, ఆ పేరు నమ్మి మనాలి లెక్కలు ఇక్కడికీ, ఇక్కడి లెక్కలు మనాలికీ తీసుకుపోతేనే చిక్కు.

కొండ అంచు ఎలా తెగింది

ఏరు ఉన్నట్టుండి కిందికి దూకాలంటే నేలలో మెట్టు ఉండాలి. మన దగ్గర ఆ మెట్టును కట్టింది రాయి. భూగర్భ శాస్త్రంలో కడప పేరుతోనే ఒక రాతి ప్రాంతం ఉంది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఇంట్లో వంటగట్టుకు వేసుకునే కడప బండ ఈ పొరల కుటుంబంలోదే. కొండల పైభాగంలో చాలాచోట్ల క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, దాని కింద షేల్ అనే మెత్తటి పొరల రాయి ఉంటాయి. నీరు మెత్తటిదాన్ని ముందు తినేస్తుంది. పైన గట్టి రాయి చూరులా ముందుకు పొడుచుకొస్తుంది. జ్వాలా నరసింహుడి దగ్గర బండ చూరు కిందుగా నడిచే దారినీ, ఆ చూరు మీంచి భవనాశి నీళ్లు తెరలా జారడాన్నీ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మంచుకొండల్లో మెట్టును తవ్వింది ఎక్కువగా మంచు. ఏళ్ల తరబడి పేరుకుని, గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లగా జారే మంచు నదిని హిమానీనదం అంటారు. పెద్ద హిమానీనదం పెద్ద లోయను లోతుగా తొలుస్తుంది, పక్కనుంచి కలిసే చిన్నది అంత లోతు తొలవలేదు. మంచు కరిగి వెనక్కి పోయాక చిన్న లోయ నోరు పెద్ద లోయ గోడ మీద ఎత్తున వేలాడుతూ మిగిలిపోతుంది. అక్కడి నుంచి ఏరు దూకుతుంది. స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రున్నెన్ లోయ గోడల మీంచి దూకే ధారలు ఇలా పుట్టినవే. అందుకే అక్కడ ఒకే లోయలో వరసగా జలపాతాలు కనిపిస్తాయి. మనకు కోనకొకటి దొరికితే గొప్ప.

ఒకదానికి వాన గడియారం, ఇంకొకదానికి ఎండ గడియారం

మన ధారకు పైన ఉన్నది అడవీ, ఆకాశమూ. వాన పడితే పారుతుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కొద్దిరోజుల్లో కుంభవృష్టిగా పడి ఊరుకుంటుంది. కర్నూలు వైపు, నల్లమలలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలే ప్రధానం. కడప జిల్లా తూర్పు కొండలకు అక్టోబరు, నవంబరు వానలు కూడా గట్టిగా పడతాయి, బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే ఇంకా గట్టిగా. శేషాచలం, పాలకొండల వైపు కోనల్లో కార్తీక మాసంలో నీళ్లు నిండుగా ఉండడం ఇందుకే. వనభోజనాలకు పెద్దలు ఆ నెల పెట్టుకోవడానికి కారణాలు వేరే ఉండొచ్చు, నీటి లెక్క కూడా కలిసొచ్చింది.

మంచుకొండ ధారకు పైన ఉన్నది మంచు, అంటే కిందటి చలికాలం దాచిపెట్టిన నీళ్లు. దాన్ని తెరిచే తాళంచెవి ఎండ. ఏప్రిల్, మేలో కరగడం మొదలై, జూన్, జులైలో ఉరవడి పెరుగుతుంది. చలికాలానికి ధార సన్నబడుతుంది, కొన్నిచోట్ల నిలువునా గడ్డకట్టేస్తుంది. ఆస్ట్రియాలో 380 మీటర్ల ఎత్తు నుంచి మూడు అంచెలుగా దిగే క్రిమ్ల్ జలపాతానిదీ ఇదే వరస. హిమాలయాలకు అదనంగా జులై, ఆగస్టులో రుతుపవనాలూ తోడవుతాయి. కరిగే మంచూ, కురిసే వానా ఒకేసారి దిగే నెలలవి. జలపాతాలు అప్పుడే మహా అందంగా ఉంటాయి, కొండచరియలూ అప్పుడే విరిగిపడతాయి.

ఎండ గడియారంలో రోజు లెక్క కూడా ఉంది. మనవాళ్లు పొరపడేది ఇక్కడే. పొద్దున్నే మంచు గట్టిగా ఉంటుంది, వాగు తగ్గి ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పైన మంచు కరుగుతుంది, ఆ నీరు మంచు పొరల్లోంచి దిగి, వాగులో చేరి, దారి దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం దాటాక, సాయంత్రానికి వాగు పెరుగుతుంది. పొద్దున ఏడింటికి పిక్కల దాకా ఉన్న వాగును దాటి, ధార చూసి, తీరిగ్గా భోంచేసి నాలుగింటికి వెనక్కి వస్తే అదే వాగు తొడల దాకా ఉండొచ్చు. ఆకాశంలో మబ్బుతునక లేదు, వాన చినుకు లేదు. "మరి నీళ్లెలా పెరిగాయి?" అని మన కోనల అలవాటు అడుగుతుంది. రోజంతా కాసిన ఎండే జవాబు.

ఎండ కాస్తుండగా వచ్చే వరద

అయితే మన దగ్గర కూడా మనం నిలబడ్డ చోట వాన పడనక్కర్లేదు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గుండానికి పైన కోనలో నీరు చేరే విస్తీర్ణం 5 చదరపు కిలోమీటర్లు అనుకోండి. అక్కడ గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క మిల్లీమీటరు పడితే 10 లక్షల లీటర్లు. ఆ లెక్కన మొత్తం 25 కోట్ల లీటర్లు. సగం నేలలోకి ఇంకి, సగమే వంకలోకి వచ్చిందనుకున్నా పన్నెండున్నర కోట్లు. అవి గంటసేపట్లో మీ ముందు నుంచి దిగాలంటే సెకనుకు దాదాపు 35,000 లీటర్లు. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు, ప్రతి సెకనుకూ ఒక ఇరుకు సందులో ఒలకబోసినట్టు. బండనేల నీటిని పీల్చుకోదు, ఇరుకు కోన పక్కకు పోనివ్వదు. కొండకు అవతలి వైపు పడిన వాన ఇవతల ఎండలో స్నానం చేస్తున్నవాళ్ల మీదికి వస్తుంది.

సిద్ధవటం వైపు లంకమల అడవిలో నిత్యపూజకోనకు నడిచేటప్పుడు మేకలు కాసే పెద్దాయన ఒకరు నాకు ఒక కానుగ చెట్టు చూపించారు. నా తలకు పైన, చెయ్యి చాపితే అందని కొమ్మ సందులో ఎండుగడ్డీ, పుల్లలూ, చిరిగిన సంచి ముక్కా చుట్టుకుని ఉన్నాయి. పక్షిగూడేమో అనుకున్నాను. "గూడు కాదు నాయనా, ఏరు పెట్టిపోయిన గుర్తు" అన్నారాయన. చుట్టూ చూస్తే అదే ఎత్తులో ప్రతి చెట్టుకూ అదే చెత్త, ఒక గీత గీసినట్టు. అప్పుడు వంకలో నీళ్లు మా చీలమండల దాకా కూడా లేవు. "తేట నీళ్లు ఎర్రబారినా, ఆకులు కొట్టుకొచ్చినా ఇంగ నిలబడగాకు, గట్టెక్కు" అని కూడా చెప్పారు. ఆ మాటకు శాస్త్రం కూడా తోడుంది. వరద ముందు అలలో పైనున్న మట్టీ ఆకులూ కొట్టుకొస్తాయి, అసలు నీరు వెనక ఉంటుంది.

ఈ కొండల నీళ్లు ఎంత పని చేయగలవో 2021 నవంబరులో చెయ్యేరు చూపించింది. ఎగువన కురిసిన భారీ వానలకు ఆ నెల 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట వైపు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అది పెద్ద ఏరు, పెద్ద విషాదం. గుండం దగ్గర జరిగేదానితో దాన్ని సమానం చేయలేం. పైన పడిన వాన కిందివాళ్లకు చెప్పి రాదన్నది మాత్రం రెండిటికీ ఒకటే.

మంచుకొండల్లో ముప్పు రూపాలు ఇంకా ఎక్కువ. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ పైన భారీ వానలకు తోడు చోరాబారి సరస్సు గట్టు తెగింది. 2021 ఫిబ్రవరి 7న చమోలీలో రాయీ మంచూ కలిసి విరిగిపడి రిషిగంగలో వరద వచ్చింది. ఆ రోజు వానే లేదు. వీటికి తోడు మనిషి కట్టిన డ్యాములు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి జిల్లాలో, బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. మన పిల్లలు ఆ రాళ్ల మీద నిలబడ్డప్పుడు నది బాగా తగ్గి ఉంది. పైన డ్యాము ఉందనీ, గేట్లు తెరుచుకుంటాయనీ అక్కడ కొత్తగా నిలబడ్డవాళ్లకు తెలిసే దారి ఏది? పదేళ్లు దాటినా ఈ సంగతి రాస్తుంటే నాకు చెయ్యి ఆగుతుంది.

ఐదు కిలోమీటర్లంటే ఎంతసేపు?

కొండ నడకకు సమయం అంచనా వేయడానికి 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండ నడకరి ఒక సూత్రం చెప్పాడు. చదునుగా 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మానా ఊరి నుంచి వసుధారకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కుడు 400 మీటర్ల పైచిలుకు. సూత్రం ప్రకారం దూరానికి ఒక గంట, ఎత్తుకు 40 నిమిషాల పైన, మొత్తం గంటా ముప్పావు. దిగువ కొండల్లో, నడక అలవాటున్నవాళ్లకు ఈ లెక్క బాగానే సరిపోతుంది.

అక్కడ మాత్రం సరిపోదు. మానా ఊరే 3,200 మీటర్ల ఎత్తున ఉంది. ఇంచుమించు 3,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల కన్నా కొంచెం తక్కువ. గాలిలో ఆక్సిజన్ శాతం అంతే ఉంటుంది, గాలే పలచన. ఒక్కో ఊపిరికి అందేది తగ్గుతుంది. కాబట్టి అదే మనిషికి అదే ఐదు కిలోమీటర్లు రెండున్నర, మూడు గంటలు పట్టొచ్చు. చలి లెక్క కూడా చూడండి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కడప సుమారు 140 మీటర్లు, బద్రీనాథ్ 3,100 మీటర్లు. ఎత్తు తేడా వల్లనే 19 డిగ్రీలు పోతాయి. ఉత్తరాన ఉండటం వల్ల తగ్గేది అదనం.

సాధారణంగా 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే దాన్ని ఎత్తు జబ్బు అంటారు. ఇది బలహీనులకే వస్తుందన్నది అపోహ. రోజూ మైదానంలో పరిగెత్తే కుర్రాడికి వచ్చి, పక్కనే నడిచే అరవై ఏళ్ల అమ్మకు రాకపోవచ్చు. ఒంటి బలం కన్నా, ఎంత తొందరగా ఎక్కామన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. కానీ యాత్ర బస్సు ఒక్క పగటిలో కింది ఊరి నుంచి బద్రీనాథ్ చేరుస్తుంది. మర్నాడు పొద్దున్నే వసుధార అంటే ఒంటికి అలవాటుపడే వ్యవధి ఎక్కడుంది?

దీనికి మందుల విషయంలో రెండు మాటలు వినిపిస్తాయి. ఎసిటజోలమైడ్ మాత్ర ముందుగా వేసుకుంటే ఒళ్లు త్వరగా సర్దుకుంటుందనేది ఒకటి. దానికి వైద్య ఆధారం ఉంది. మాత్ర ధైర్యంతో జనం ఇంకా తొందరపడతారు, నెమ్మదిగా ఎక్కడమే అసలు మందు అనేది రెండోది. అదీ నిజమే. ఆ మాత్ర అందరికీ పడదు కూడా, డాక్టరు చూసి చెప్పాల్సిందే. ఇక మన యాత్రికుల సంచుల్లో తప్పక ఉండే కర్పూరం. వాసన చూస్తే ముక్కు చల్లబడి ఊపిరి తేలికైనట్టు అనిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మాత్రం అది పెంచదు. ఊరట ఇస్తుంది కాబట్టి దాన్ని కాదనను. అయితే తల తిరుగుతుంటే కర్పూరం పీలుస్తూ ఇంకా పైకి ఎక్కడం వేరు, కూర్చుని కిందికి దిగడం వేరు.

వసుధార నీళ్లు పాపుల మీద పడవని నమ్మకం. అక్కడిదాకా పోయి తడవకుండా వచ్చి బాధపడ్డ పెద్దవాళ్లను చూశాను. ఆ ధార చాలా ఎత్తు నుంచి సన్నగా పడుతుంది, లోయలో గాలి దాన్ని తుంపరలుగా చెదరగొట్టి ఎటు వీస్తే అటు తీసుకుపోతుంది. పొద్దున తడిసినవాళ్లున్న చోటే మధ్యాహ్నం పొడిగా ఉండొచ్చు. ఆ బాధ పడిన అమ్మలకు ఈ సంగతి తెలియాలి.

గుండం లోతు కంటికి తెలియదు

ధార కింద గుండంలో మునిగినవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. నురుగులో సగం గాలి, అలాంటి నీరు మనిషిని తేల్చదు. పైనుంచి పడే నీరు అడుగుకు పోయి మళ్లీ ధార వైపే తిరుగుతుంది, మనిషినీ తిప్పుతుంది. ఇక మంచు కరిగిన నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే చలికి గుండె అదురుతుంది, ఊపిరి అదుపు తప్పుతుంది. ఎండాకాలం బావుల్లో ఈదిన అనుభవం ఈ రెండిటికీ పనికిరాదు.

నీళ్లున్న నెలల్లోనే అడవి మూత

మన కోనల్లో చాలావరకు అభయారణ్యాల్లోనో, రిజర్వు అడవుల్లోనో ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం చట్టం మినహాయించిన కొద్దిమంది తప్ప, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఎవరూ పోకూడదు. 28వ సెక్షను కింద పర్యటనకూ, ఫొటోలకూ, పరిశోధనకూ అనుమతి ఇవ్వొచ్చు. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. అక్కడ సఫారీలూ, విడిది క్యాంపులూ సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు. జంతువులు జతకట్టే కాలమనీ, దారులు దిగబడతాయనీ కారణం. నల్లమల జలపాతాలు నిండుగా ఉండేదీ ఆ నెలల్లోనే.

అడవివైపు వాదన బలమైనది. లంకమల కలివికోడికి పేరుపడిన అడవి. ప్రపంచంలో ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనపడింది ఈ అడవిలోనే. పాలకొండ, శేషాచలం అంతా ఎర్రచందనం అడవి, దారి తప్పిన కుర్రాళ్లెవరో, దుంగల కోసం వచ్చినవాళ్లెవరో చీకట్లో కాపలావాళ్లకు ఎలా తెలుస్తుంది? గుండాల దగ్గర పగిలిన సీసాలూ, ప్లాస్టిక్ పళ్లేలూ ఎవరి కాళ్లకు గుచ్చుకుంటాయో కూడా వాళ్లే చూస్తున్నారు.

ఎదుటివైపు వాదనా కొట్టిపారేసేది కాదు. తాతముత్తాతల నాటి నుంచి శివరాత్రికీ, కార్తీకానికీ నడిచిన దారులవి, అడవి చట్టాల కన్నా పాతవి. గేటు మూసినంత మాత్రాన జనం ఆగరు, కంచె పక్కనుంచి పోతారు. అలా పోయినవాళ్లకు దారి చెప్పేవాళ్లుండరు, ప్రమాదం జరిగితే ఎక్కడున్నారో తెలిసేవాళ్లుండరు. నల్లమలలోని బైర్లూటి విడిది క్యాంపులో చెంచులే దారి చూపించి, అడవి చెప్పి, నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. కోనల దగ్గర కూడా అలా ఎందుకు ఉండకూడదని అడిగేవాళ్ల మాటలో న్యాయం ఉంది.

నా మటుకు నాకు, పులులు తిరిగే లోపలి అడవిని వానాకాలంలో మూయడం సరైనదే అనిపిస్తుంది. కానీ అంచున ఉన్న కోనలకు అదే క్యాలెండరు తగిలించడంలో అర్థం కనపడదు. పాలకొండల వంక నవంబరులో ఉప్పొంగి పారేటప్పుడు గేటు తెరిచి ఉండొచ్చు, ఆగస్టులో చుక్క లేనప్పుడు మూసి ఉండొచ్చు. తేదీని బట్టి కాకుండా పైన కురిసిన వానను బట్టి తెరవడం, మూయడం కష్టమేమీ కాదు. వాన లెక్క మండలాలవారీగా రోజూ వస్తూనే ఉంది. దాన్ని చూసి "ఈ రోజు పోవద్దు" అని కోన మొదట్లో చెప్పడానికి, కొమ్మల్లో చిక్కిన చెత్తను చూపించి నీటి మట్టం చెప్పగల ఆ మేకల పెద్దాయనలాంటి మనిషి ఒకరు, రోజుకూలి మీద, అక్కడ కూర్చుంటే చాలు.